గానుగ నూనె చలికి తెల్లబడితే: వేరుశనగలోని అరాకిడిక్ ఆమ్లం గురించి

అమ్మా, మీరు అడిగినది ఇది. పలమనేరు దగ్గర మీ పొలంలో పండిన కాయలనే వలిపించి, చిత్తూరులో మీ కళ్ల ముందే గానుగ ఆడించుకున్నారు. జనవరిలో ఒక తెల్లవారుజామున చూస్తే సీసాలో కింది సగం మబ్బు పట్టినట్టు తెల్లగా పేరుకుని ఉంది. గానుగలో పామాయిల్ కలిపారేమోనని మీ అత్తగారి అనుమానం. అది అరాకిడిక్ ఆమ్లమనీ, సంతృప్త కొవ్వు కాబట్టి గుండెకు చెడు చేస్తుందనీ మీ అబ్బాయి ఫోనులో చదివి చెప్పాడు. పదిహేను లీటర్ల నూనె పారబోయాలా, వాడుకోవచ్చా అని మీ ప్రశ్న.

పారబోయకండి. నేను ముప్పై ఏళ్లకు పైగా చిత్తూరు చుట్టుపక్కల నూనె మిల్లుల ప్రయోగశాలల్లో పనిచేసి ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. చలికాలం వచ్చిందంటే నన్ను ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. భయపడి డబ్బాలకు డబ్బాలు పారబోసినవాళ్లను చూశాను. వాన కోసం ఎదురుచూసి, కలుపు తీసి, కాయ పీకి, ఎండబెట్టి, వలిచి ఆడించిన నూనె మురికి కాలువలో పోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. సీసా అడుగున ఉన్న తెల్లటి భాగాన్ని కొంచెం గాజు గ్లాసులోకి తీసుకోండి. చంటిబిడ్డకు పోసే నీళ్లంత వెచ్చగా ఒక గిన్నెలో నీళ్లు పోసి, గ్లాసును అందులో నిలబెట్టండి. కదపకుండా చూస్తూ ఉండండి. గాజును ఆనుకున్న అంచు ముందుగా తేటబడుతుంది, తెల్లదనం నడిమికి కుంచించుకుంటూ పోయి పది నిమిషాల్లో పూర్తిగా కరిగిపోతుంది. నూనె మళ్లీ తేనె రంగుకు వస్తుంది. అప్పుడు గ్లాసు అడుగున గోధుమరంగులో ఏదైనా మిగిలితే అది మడ్డి. మడ్డి వేరు, ఈ తెల్లటి గడ్డ వేరు. మడ్డి అంటే నూనె తీశాక మిగిలే గింజల చెక్క నుంచి వచ్చిన సన్నటి పొడి, గింజలోని జిగురు పదార్థాలు. అది వేడికి కరగదు, పూరీలు వేయిస్తే నురగ కట్టి నూనెను నల్లబరుస్తుంది. నూనెను నాలుగు రోజులు కదపకుండా ఉంచి పైతేటను వంచుకుంటే మడ్డి పోతుంది. తెల్లటి గడ్డను మాత్రం తీయనక్కరలేదు. అది నూనెలోంచి విడివడిన నూనే.

ఎందుకు విడివడుతుందో చెబుతాను. కొవ్వు ఆమ్లం అంటే కార్బన్ పరమాణువుల గొలుసు. గొలుసులో ద్విబంధాలేవీ (రెండు కార్బన్ల మధ్య జంట బంధాలు) లేకపోతే అది సంతృప్త ఆమ్లం, కట్టెపుల్లలా నిటారుగా ఉంటుంది. ద్విబంధం ఉన్నచోట మాత్రం గొలుసు వంగుతుంది. నిటారు పుల్లలు పక్కపక్కన ఒత్తుగా పేరుకుంటాయి, వంగినవి అలా పేరుకోలేవు. దీని ప్రభావం ఎంతటిదో రెండు అంకెల్లో తెలుస్తుంది. స్టియరిక్ ఆమ్లంలోనూ, ఒలియిక్ ఆమ్లంలోనూ 18 కార్బన్లే. ద్విబంధం లేని స్టియరిక్ కరగాలంటే దాదాపు 69 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఒకే ఒక్క ద్విబంధం ఉన్న ఒలియిక్ 13 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.

అరాకిడిక్ ఆమ్లం ఇదే వరసలో స్టియరిక్ తర్వాతి మెట్టు. 20 కార్బన్లు, ద్విబంధాలు లేవు, 75 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని పైన 22 కార్బన్ల బెహెనిక్ 80 డిగ్రీల దగ్గర, 24 కార్బన్ల లిగ్నోసెరిక్ 84 డిగ్రీల దగ్గర కరుగుతాయి. మన వంటింటికి వచ్చే మామూలు నూనెల్లో ఈ మూడూ ఇంత పాళ్లలో ఉన్నది వేరుశనగలోనే. అరాకిడిక్ ఒకటిన్నర శాతం అటూ ఇటూగా, బెహెనిక్ రెండు నుంచి నాలుగు శాతం, లిగ్నోసెరిక్ ఒకటి రెండు శాతం, మొత్తం కలిపి ఐదారు శాతం. నూనెలో ఇవి విడిగా ఉండవు. ఒక్కో నూనె అణువులో గ్లిసరాల్‌కు మూడు గొలుసులు అతుక్కుని ఉంటాయి. సాధారణంగా ఒక పొడుగు నిటారు గొలుసుకు తోడుగా రెండు వంగిన గొలుసులు ఉంటాయి కాబట్టి మామూలు వేడిలో అంతా ద్రవంగానే నిలుస్తుంది. పలమనేరు, కుప్పం వైపు తెల్లవారుజామున చలి పది పన్నెండు డిగ్రీల దగ్గరకు దిగి కొన్ని గంటలు నిలిచిందంటే, పొడుగు గొలుసులున్న అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ముందుగా గడ్డకడతాయి. తిరుపతిలో అంత చలి ఉండదు కాబట్టి అదే గానుగ నూనె ఇక్కడ తేటగా ఉంటుంది.

మిల్లులో ఈ తెల్లటి గడ్డను ముందే గడ్డకట్టించి వడపోసేయవచ్చు కదా అని కుర్ర ఇంజనీర్లు అడిగేవారు. పొద్దుతిరుగుడు నూనెలోని మైనాన్ని అలాగే తీస్తారు. వేరుశనగ నూనెతో అది కుదరదు. దీని స్ఫటికాలు గట్టి రేణువుల్లా కాక జిగటగా జావలా ఏర్పడి, వడపోత గుడ్డను మూసేస్తాయి.

పేరు సంగతికి వస్తాను. వేరుశనగకు 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామం అరాకిస్ హైపోజియా. హైపోజియా అంటే భూమి లోపలిది అని. ఆ అరాకిస్ నుంచే అరాకిడిక్ అన్న పేరు వచ్చింది. అంటే మీ అబ్బాయి భయపడిన మాటకు తెలుగులో సరైన అర్థం 'శనక్కాయ ఆమ్లం'. మన రైతు పొలంలోని పంట పేరే అది. ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. అరాకిడోనిక్ ఆమ్లం అని మరొకటి ఉంది. దానిలోనూ 20 కార్బన్లే గానీ నాలుగు ద్విబంధాలు ఉంటాయి. అది గుడ్లలో, మాంసంలో ఉంటుంది, శరీరంలో వాపుకు కారణమయ్యే పదార్థాల తయారీలో పాలుపంచుకుంటుంది. వేరుశనగ నూనెలో అది ఉండదు. ఒక్క అక్షరం తేడాతో రెండింటినీ కలిపేసి, శనగ నూనె వాపులు పెంచుతుందని రాసేస్తున్నారు. మీ అబ్బాయి చదివినది అలాంటిదేమో ఒకసారి చూడమనండి.

అరాకిడిక్ సంతృప్త కొవ్వేనన్నంతవరకు అబ్బాయి మాట నిజం. అయితే ఎంత తింటున్నామో లెక్క వేయాలి. ఒక పెద్ద చెంచా నూనె దాదాపు 14 గ్రాములు. అందులో అరాకిడిక్ 0.2 గ్రాములు. అదే చెంచాలో అన్ని సంతృప్త ఆమ్లాలూ కలిపితే రెండున్నర గ్రాములు దాటవచ్చు. రోజుకు 2,000 క్యాలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన చెబుతోంది. ఆ హద్దుకు చేరేది ఈ తెల్లటి గడ్డ వల్ల కాదు, రోజుకు ఎన్ని చెంచాలు పోస్తున్నామన్నదాని వల్ల. పైగా ఈ పొడుగు గొలుసులు మన ఒంటి వేడికి కరగని రకం కావడంతో పేగుల్లో కొంత భాగం ఒంటబట్టకుండానే వెళ్లిపోతుంది. రక్తంలో ఈ మూడు ఆమ్లాలూ ఎక్కువగా ఉన్న పెద్ద వయసువారిలో గుండె జబ్బులు తక్కువగా కనిపించాయని అమెరికాలో పరిశీలనలు వచ్చాయి. మరోవైపు బెహెనిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న ఆహారం ఇచ్చి చూస్తే కొలెస్టెరాల్ పెరిగిందని 2001లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. కాబట్టి ఇది మందని ఎవరైనా అమ్మితే నమ్మకండి, విషమన్నా నమ్మకండి. మీ నూనె చలికి తెల్లబడిన రోజున ఎంత ఆరోగ్యకరమో, తేటగా ఉన్న రోజునా అంతే.

ఇక అత్తగారి అనుమానం. ఆవిడను తప్పుపట్టను. బజారులో కల్తీ ఉన్న మాట నిజమే. కానీ చలికి పేరుకోవడం కల్తీకి గుర్తు కాదు, స్వచ్ఛతకూ గుర్తు కాదు. పామాయిల్ నుంచి తీసే పామోలిన్ కూడా చలికి మబ్బు పడుతుంది. అది మబ్బు పట్టే ఉష్ణోగ్రత 18 డిగ్రీలు మించకూడదని మన ఆహార ప్రమాణాల్లోనే ఉంది. నూనెను ఫ్రిజ్‌లో పెట్టి, గడ్డకడితే కల్తీ అనే పరీక్ష ఒకటి ఫోనుల్లో తిరుగుతోంది. దాన్ని మాత్రం ఎవరూ చేయవద్దని వేడుకుంటున్నాను. ఫ్రిజ్‌లో అసలైన వేరుశనగ నూనె కూడా గడ్డకడుతుంది. ఇంట్లో మీరు గమనించదగ్గది ఒక్కటే. తిరుపతి లాంటి చోట, ఫ్యాను తిరిగే గదిలో, 22 లేదా 23 డిగ్రీల దగ్గర కూడా నూనె పేరుకుంటే అప్పుడు అనుమానించాలి.

నిజం తేల్చేది ప్రయోగశాల. అందులోనూ వేరుశనగ నూనెను పట్టి ఇచ్చేది ఈ అరాకిడిక్ కుటుంబమే. బెలియర్ పరీక్ష అంటారు, ఒక ఫ్రెంచి రసాయనవేత్త పేరు మీద. ఒక మిల్లీలీటరు నూనెను ఆల్కహాలులో కరిగిన కాస్టిక్ పొటాష్‌తో మరిగిస్తే అది సబ్బుగా మారుతుంది. దానిలో ఎసిటిక్ ఆమ్లం కలిపితే కొవ్వు ఆమ్లాలు విడివడతాయి. 50 మిల్లీలీటర్ల 70 శాతం ఆల్కహాలు పోసి, తేటబడేదాకా వెచ్చజేసి, థర్మామీటరుతో కలుపుతూ మెల్లగా చల్లార్చాలి. నేను కొన్ని వేలసార్లు చేసి ఉంటాను. పాదరసం 44, 43, 42 అని దిగుతున్నంతసేపూ కుప్పెలో నీళ్లలాంటి తేట. 40 దగ్గరకు రాగానే థర్మామీటరు చుట్టూ ఒక సన్నటి తెల్లటి పొగ మెలితిరుగుతుంది. రెప్ప వేస్తే తప్పిపోయేంత సన్నగా ఉంటుంది. మరుక్షణం కుప్పె అంతా పాలలా మారుతుంది. ఆ పొగ కనిపించిన ఉష్ణోగ్రతే ఫలితం. వేరుశనగ నూనెకు అది 39 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలి. ఆవనూనెకు 23 నుంచి 27.5 డిగ్రీలు, నువ్వుల నూనెకు 22 మించదు. మన వైపు నువ్వుల నూనెలో చవకగా శనగ నూనె కలిపినప్పుడు ఈ పరీక్షే పట్టించేది.

అయితే బెలియర్ ఒక్కటే చాలదు. పక్కనే అయోడిన్ విలువ చూడాలి. నూనెలో ద్విబంధాలు ఎన్ని ఉన్నాయో చెప్పే అంకె అది. వేరుశనగ నూనెకు 85 నుంచి 99, పామోలిన్‌కు 54 నుంచి 62. మీ నూనెది 92 అనుకోండి. దానిలో 57 ఉన్న పామోలిన్ 30 శాతం కలిపితే 81.5కు పడిపోతుంది, అంటే ప్రమాణం దిగువకు. గ్యాస్ క్రొమటోగ్రఫీ (ఏ కొవ్వు ఆమ్లం ఎంత ఉందో విడివిడిగా కొలిచే పరీక్ష) చేయించగలిగితే ఇంకా స్పష్టం. పన్నెండు శాతం దగ్గర ఉండాల్సిన పామిటిక్ ఆమ్లం ఇరవైకి ఎగబాకుతుంది, ఆరు శాతం ఉండాల్సిన పొడుగు గొలుసులు నాలుగుకు దిగుతాయి. అయోడిన్ విలువ, బెలియర్ పరీక్షలకు పెద్ద ఖర్చు కాదు. ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు ఇవ్వండి.

రెండు సంఘటనలు చెబుతాను. ఒక డిసెంబరులో మేము పంపిన డబ్బాలు ఘాట్ రోడ్డు దాటేసరికి లోపల తెల్లబడ్డాయని వ్యాపారి లారీతో సహా తిప్పి పంపాడు. నమూనా తీసి అతని ఎదుటే చేశాను. బెలియర్ 39.5, అయోడిన్ విలువ 91. అతను మాట్లాడకుండా సరుకు తీసుకెళ్లాడు. మరో ఏడాది ఒక ఊళ్లో ఎంత చలికైనా చుక్క పేరుకోని నూనె వస్తోందని, అదే అసలైన నూనె అని జనం వరస కట్టి కొన్నారు. నా దగ్గరకు వచ్చిన సీసాలో అయోడిన్ విలువ 110. సగానికి సగం సోయా నూనె ఉంటే తప్ప ఆ అంకె రాదు. సోయాలో పొడుగు గొలుసులు తక్కువ కాబట్టి అది చలికి తట్టుకుంది, అందుకే జనం నమ్మారు. రెండు నూనెలు కలిపి అమ్మడం చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఏదీ 20 శాతానికి తగ్గకూడదు, ఆ పాళ్లు ప్యాకెట్ మీద రాయాలి. రాయకుండా శనగ నూనె పేరుతో అమ్మడం మోసం.

అరాకిడిక్ వల్ల ఉపయోగం ఏమిటని కూడా అబ్బాయి అడిగాడని రాశారు. నూనె మిల్లులో ఎవరూ దాన్ని వేరుచేయరు. ఒకటిన్నర శాతం కోసం అంత కష్టపడితే గిట్టుబాటు కాదు. పరిశ్రమకు కావలసిన 20, 22 కార్బన్ల ఆమ్లాలు చేప నూనెలను, ఎరూసిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే ఆవజాతి నూనెలను హైడ్రోజనీకరిస్తే వస్తాయి. ప్రకృతిలో దాన్ని ఎక్కువగా దాచుకున్న చెట్టు మన అడవుల్లోనే ఉంది. లక్క పురుగులను పెంచే కుసుమ్ చెట్టు గింజల నూనెలో అరాకిడిక్ 20 శాతం దాటుతుంది. మనకు తెలిసిన కుసుమ పువ్వు నూనె అది కాదు, పేర్లు కలిశాయంతే.

ఈ ఆమ్లాలు చాలా చోట్ల కనబడకుండా పనిచేస్తాయి. ముఖానికి రాసుకునే క్రీములో నీరు, నూనె విడిపోకుండా పట్టి ఉంచే పదార్థాల్లో అరాకిడిల్ ఆల్కహాలు ఒకటి. తలస్నానం తర్వాత రాసే కండిషనర్లలో బెహెనిక్ గొలుసు వెంట్రుకకు అంటుకుని మెత్తదనం ఇస్తుంది. మాత్రలు తయారుచేసే యంత్రం అచ్చుకు మందు పొడి అతుక్కోకుండా బెహెనిక్ కలిసిన కొవ్వు పొడి వేస్తారు. మీ ఇంట్లో స్కానింగ్ చేయించినప్పుడు ఇచ్చిన నల్లటి ఫిల్ము ఉంటే చూడండి. తడి లేకుండా వేడితో ముద్రించే ఆ ఫిల్ముల్లో చాలావాటిలో బొమ్మను నిలిపేది ఈ పొడుగు ఆమ్లాల వెండి లవణాలే. ముఖ్యంగా బెహెనిక్‌ది, దానితో పాటు కొంత అరాకిడిక్‌ది.

నాకు వీటన్నింటికన్నా ఇష్టమైనది మరొకటి. నీటి మీద అరాకిడిక్ ఆమ్లాన్ని కొద్దిగా పరిస్తే, ఒక కొస నీటిని తాకుతూ గొలుసులన్నీ వరిమడిలో నారులా నిటారుగా నిలబడతాయి. ఆ పొర మందం ఒక్క అణువు. అలాంటివి మూడున్నర లక్షలకు పైగా పేర్చితే గానీ ఒక మిల్లీమీటరు కాదు. అమెరికా రసాయనవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఇలాంటి పొరలను లోతుగా పరిశోధించి 1932లో నోబెల్ అందుకున్నాడు. ఆయన సహోద్యోగి కాథరిన్ బ్లాడ్జెట్ ఆ పొరలను గాజు పలక మీదికి ఒక్కొక్కటిగా ఎక్కించే పద్ధతి కనిపెట్టి, 1938లో వెలుగు తిప్పికొట్టని గాజును తయారుచేసింది. ఈనాటికీ ఆ పద్ధతి నేర్చుకునే విద్యార్థులు మొదట చేతిలోకి తీసుకునే పదార్థాల్లో శనక్కాయ పేరు పెట్టుకున్న ఈ ఆమ్లం ఒకటి.

మన జిల్లా గురించి ఇంకో మాట. చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి టెంకలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆ టెంకలోని జీడిలో ఉండే కొవ్వులో స్టియరిక్ ఎక్కువ, అరాకిడిక్ కూడా వేరుశనగకు దీటుగా ఉంటుంది. చాక్లెట్‌లో కోకో వెన్నకు బదులు 5 శాతం వరకు వాడదగిన ఆరు కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వును ఐరోపా సమాఖ్య 2000లో చేర్చింది. దాన్ని చెత్తగా చూడకూడదని నా అభిప్రాయం.

మీరు భయపడవలసినది తెల్లటి గడ్డకు కాదమ్మా, బూజుకు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం వెతుకుతూ వెళ్లి వేరుశనగ చెక్కలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషాన్ని కనుగొన్నారు. కాయ పండే చివరి రోజుల్లో వాన ముఖం చాటేసినా, పీకిన కాయ తడితో కుప్పపడి ఉన్నా ఆ బూజు పుడుతుంది. వేయించినా పూర్తిగా పోదు. గానుగ ఆడినప్పుడు అందులో ఎక్కువ భాగం చెక్కలోకి వెళుతుంది, కొంత నూనెలోనూ మిగులుతుంది. గానుగ నూనెకు రిఫైనింగ్ ఉండదు కాబట్టి అది అలాగే ఉండిపోతుంది. ఆ చెక్కను ఆవులకు పెడితే పాలలోకీ వస్తుంది. మీ ఇంట్లో పాడి ఉందో లేదో నాకు తెలియదు, మన వైపు పాడి లేని ఇల్లు తక్కువ కాబట్టి చెబుతున్నాను. వచ్చే పంటకు కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనేదాకా ఎండబెట్టండి. గానుగకు పోసేముందు చాటలో పరచి ముడతపడ్డవి, నల్లబడ్డవి, పచ్చటి నలుసు పట్టినవి ఒక్కటి కూడా మిగలకుండా ఏరేయండి. ఏరినవి పశువులకు కూడా వేయకండి, పూడ్చిపెట్టండి.

ఇప్పుడున్న నూనెను ఎండ తగలని చోట, మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి నాలుగు నెలల్లో వాడేయండి. తెల్లవారుజామున పేరుకున్న డబ్బాను వంటకు తీసేముందు పొయ్యి పక్కన కాసేపు ఉంచి, కరిగాక కలిపి వంచుకోండి. పైతేట ఒక్కటే వాడుతూ పోతే చివరికి అడుగున గట్టి భాగమే మిగులుతుంది. గోరువెచ్చని నీళ్ల పరీక్షలో తెల్లదనం కరగకపోయినా, నూనె పాత వాసన వేసినా నాకు మళ్లీ రాయండి. అప్పుడు రంగు, వాసన, కాయ ఏ నెలలో పీకారో, ఎన్నాళ్లు ఎండబెట్టారో కూడా చెప్పండి.